స్క్రూలన్నీ తీసేశాను, బాడీ మాత్రం రాలేదు

ఇంక్‌జెట్ ప్రింటర్‌ని ఇంట్లో మొదటిసారి విప్పేవాళ్లు దాదాపు అందరూ ఒకేచోట ఇరుక్కుంటారు. కంటికి కనిపించిన స్క్రూలన్నీ తీసి, లెక్కపెట్టి, ఒక గిన్నెలో వేసేసి ఉంటారు. ఇక పై బాడీ ఎత్తడమే తరువాయి అనుకుంటే అది కదలదు. ఒక మూల కాస్త లేస్తుంది, ఎదుటి మూల మొండికేస్తుంది. నేనూ అక్కడే ఇరుక్కున్నాను. ఆగి ఆలోచించకుండా చదును స్క్రూడ్రైవర్‌ని సందులో దూర్చి మెలితిప్పాను. టప్పుమంది. బాడీ రాలేదు గానీ, గోరంత ప్లాస్టిక్ ముక్క ఒకటి విరిగి గలగలమంటూ లోపల గేర్ల మధ్యకు జారిపోయింది. అసలు రిపేరు పావుగంట పని. ఆ ముక్కను వెతికి తీయడానికి సాయంత్రమంతా పట్టింది.

తర్వాత చూస్తే ఆ మూలను పట్టుకుని ఉన్నది ఇంకో స్క్రూ. ముందువైపు బటన్లుండే ప్యానెల్ తీస్తే తప్ప కనిపించని చోట ఉంది. నేను విరగ్గొట్టిన ప్లాస్టిక్ కొక్కేనికి, బాడీ రాకపోవడానికి సంబంధమే లేదు.

ఈ తికమక ఎందుకొస్తుందో తెలియాలంటే ప్రింటర్‌ని ఎలా బిగిస్తారో ఆలోచించాలి. ఫ్యాక్టరీలో ఒక స్క్రూ పెట్టాలంటే ఆ స్క్రూ కావాలి, దాన్ని తిప్పే చెయ్యో యంత్రమో కావాలి, కొన్ని సెకన్లు కావాలి. అదే ప్లాస్టిక్ కొక్కేన్ని బాడీతో పాటే అచ్చులో పోసేస్తే ఒక్క నొక్కుతో పనైపోతుంది. అందుకే తక్కువ ధర మెషిన్లలో స్క్రూలు పొదుపుగా, కొక్కేలు ధారాళంగా ఉంటాయి. బిగింపు కూడా కింది నుంచి పైకి సాగుతుంది: అడుగు భాగం, దానిమీద మెకానిజం, దాని చుట్టూ పై బాడీ, పక్క పలకలు, ప్యానెల్, అన్నిటికన్నా పైన స్కానర్. ముందు బిగించిన దాని స్క్రూలను తర్వాత వచ్చేది కప్పేస్తుంది. విప్పేవాళ్లు ఈ వరసను తిరగేసి చదువుకోవాలి. స్కానర్ తీయకుండా పై బాడీతో కుస్తీ పట్టడమంటే, చొక్కా మీద కోటు ఉంచి చొక్కా విప్పబోవడమే.

అసలు విప్పాలా అన్నది ముందు తేల్చుకోవాలి. చాలామంది అనవసరంగా విప్పుతారని నా అనుమానం. పేపర్ ఇరుక్కుంటే వెనక మూతో, కాగితాన్ని రెండువైపులా ప్రింట్ చేసే డూప్లెక్స్ యూనిట్టో తీస్తే చాలు, దానికి స్క్రూడ్రైవరే అక్కర్లేదు. పేపర్ లాగడం మానేస్తే చాలాసార్లు రోలర్ మీద కాగితపు పొడి పేరుకుని ఉంటుంది. తడి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. ప్రింట్‌లో గీతలొస్తుంటే, కాగితం మీద ఇంక్ చిమ్మే హెడ్ ఎక్కడుందో చూడాలి. హెచ్‌పీ 1984లో థింక్‌జెట్‌తో తెచ్చిన పద్ధతిలో హెడ్ కార్ట్రిడ్జ్‌కే అతుక్కుని ఉంటుంది. ఇప్పటికీ చాలా చిన్న ప్రింటర్లు అలాంటివే. వాటిలో కార్ట్రిడ్జ్ మారిస్తే హెడ్ మారినట్టే, బాడీ జోలికి వెళ్లే పనే లేదు. ఎప్సన్ 1993లో స్టైలస్ 800తో మొదలుపెట్టిన మైక్రో పీజో రకం హెడ్ వేరు. అది మెషిన్‌లోనే స్థిరంగా ఉంటుంది. అది బాగా మూసుకుపోయి, క్లీనింగ్ చేసినా తెరుచుకోకపోతే అప్పుడు విప్పడం గురించి ఆలోచించవచ్చు.

బాడీ నిజంగా విప్పక తప్పని పనులు కొన్నే. క్లీనింగ్ చేసిన ప్రతిసారీ హెడ్ వదిలే ఇంక్ అడుగున ఉన్న వేస్ట్ ఇంక్ ప్యాడ్‌లోకి పోతుంది. ఆ దళసరి స్పాంజి నిండిపోయిందని మెషిన్ మొరాయించినప్పుడు విప్పాలి. కొత్త మోడళ్లు కొన్నిటిలో దాన్ని బయటనుంచే మార్చుకునే పెట్టెగా ఇస్తున్నారు, వాటిలో విప్పక్కర్లేదు. పెన్ను మూతో, జెమ్ క్లిప్పో పేపర్ దారిలో పడిపోయినప్పుడు, స్కానర్ అద్దం లోపలివైపు మసకబారినప్పుడు, గేర్ పన్ను విరిగినప్పుడు కూడా తప్పదు.

సరే, విప్పాలనే నిర్ణయించుకున్నారు. మొదటి తప్పు ప్లగ్ దగ్గరే జరుగుతుంది. కరెంటు తీసేయాలని అందరికీ తెలుసు. కానీ ముందు మెషిన్ మీదున్న బటన్ నొక్కి ఆపాలి, లైటు పూర్తిగా ఆరాకే ప్లగ్ పీకాలి. బటన్‌తో ఆపితే హెడ్‌ని మోసే క్యారేజ్ ఓ పక్కకు జరిగి, రబ్బరు టోపీ మీద కూర్చుంటుంది. ఆ టోపీ హెడ్ రంధ్రాలకు గాలి తగలకుండా మూస్తుంది. నేరుగా ప్లగ్ లాగేస్తే క్యారేజ్ మధ్యలో ఎక్కడో ఆగిపోతుంది. మీరు తీరిగ్గా బాడీతో తంటాలు పడుతున్నంతసేపూ హెడ్ ఆరుతూనే ఉంటుంది. ఒక సమస్య బాగు చేయబోతే రెండోది మొదలవుతుంది.

కరెంటు తీసినా జాగ్రత్త అవసరమైన చోటు ఇంకొకటి ఉంది. బయట అడాప్టర్ లేకుండా నేరుగా తీగ గుచ్చే ప్రింటర్‌లో పవర్ సప్లై లోపలే, విడిగా ఒక పెట్టెలో ఉంటుంది. 230 వోల్టుల కరెంటు అక్కడ డీసీగా మారాక కరెంటును నిల్వ ఉంచుకునే కెపాసిటర్‌లో దాదాపు 325 వోల్టులు నిలుస్తాయి. ప్లగ్ తీశాక కూడా కొంతసేపు ఉండవచ్చు. ఆ పెట్టెను పెట్టెలాగే ఊడదీసి పక్కన పెట్టొచ్చు గానీ, దాని మూత తెరవకండి. బాడీ విప్పే పనికి దానితో అవసరం లేదు.

ఇంక్ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ట్యాంకులున్న మోడల్‌ని పక్కకు వాల్చినా, తలకిందులు చేసినా ఇంక్ గాలి రంధ్రాల్లోంచి కారుతుంది. వేస్ట్ ప్యాడ్ నిండుగా ఉంటే అదీ ఊరుతుంది. అడుగున స్క్రూలున్నాయేమో చూడాలనిపిస్తే మెషిన్‌ని తిప్పకుండా బల్ల అంచు బయటకు కొంచెం జరిపి, కిందినుంచి తొంగిచూడండి. పాత పేపర్లు నాలుగు పొరలు పరచుకోండి. చేతికంటిన డై ఇంక్ ఎంత తోమినా రోజుల తరబడి వదలదు. నల్ల పిగ్మెంట్ ఇంక్ బట్టకు పట్టిందంటే ఆ బట్ట మీద ఆశ వదులుకోవడమే.

స్క్రూడ్రైవర్ల దగ్గర పేర్ల గందరగోళం ఒకటి ఉంది. మనం మామూలుగా స్టార్ అనేది ప్లస్ గుర్తున్న ఫిలిప్స్‌ని. టార్క్స్ అనేది ఆరు కోణాల నక్షత్రం. హెచ్‌పీ ప్రింటర్లలో చాలావాటికి టార్క్స్ టి10 కావాలి, అక్కడక్కడ టి8. ఎప్సన్, కానన్ మెషిన్లలో ఎక్కువగా ఫిలిప్స్ నంబర్ 2తో పని జరుగుతుంది. స్క్రూ లోతైన గొట్టంలో ఉంటుంది కాబట్టి కాడ పొడవుగా, సన్నగా ఉన్న డ్రైవర్ తీసుకోవాలి. కొసకు అయస్కాంతం ఉంటే ఇంకా మంచిది. లేకపోతే విప్పిన స్క్రూ ఆ గొట్టంలోనే కూర్చుని మిమ్మల్ని చూసి నవ్వుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి, ఆ కొక్కేల దగ్గరికి వద్దాం. ఒకదాన్ని దగ్గరగా చూస్తే అది వేలి వెడల్పు కూడా లేని ప్లాస్టిక్ నాలుక. దాని కొసన చిన్న ముక్కు ఉంటుంది. ముక్కుకు ముందువైపు వాలు. బాడీని కిందికి నొక్కినప్పుడు ఎదుటి భాగం అంచు ఆ వాలు మీద జారుతూ నాలుకను వెనక్కి వంచుతుంది. అంచు దాటిపోగానే నాలుక మళ్లీ నిటారై, ముక్కు గాడిలో పడుతుంది. మనకు వినిపించే ‘క్లిక్’ అదే. ఊడుతుందా లేదా అన్నది మాత్రం ముక్కు వెనకవైపు ఆకారాన్ని బట్టి ఉంటుంది. వెనకవైపూ 45 డిగ్రీల దరిదాపుల్లో వాలు ఉంటే కాస్త గట్టిగా లాగగానే జారి వచ్చేస్తుంది. వెనకవైపు 90 డిగ్రీల్లో నిలువుగా ఉంటే ఎంత లాగినా రాదు. ఇంకా లాగితే విరుగుతుంది. దాన్ని పక్కనుంచి నొక్కి, నాలుకను వంచి, ముక్కును గాడిలోంచి తప్పించాల్సిందే.

కొక్కెం ఎక్కడుందో బయటికి కనిపించదు కదా అంటే, ఒక ఆనవాలు ఉంది. బాడీ అంచుల వెంట, అడుగున, చిన్న దీర్ఘచతురస్రాకారపు కన్నాలు కనిపిస్తాయి. గాలి ఆడటానికేమో అనుకుంటాం. వాటిలో కొన్ని సన్నని పనిముట్టు దూర్చి కొక్కేన్ని నొక్కడానికి పెట్టినవి. కొన్ని విప్పేవాళ్ల కోసం పెట్టినవే కావు: ముక్కు లోపలికి తిరిగిన ఆకారం కాబట్టి, దాన్ని పోసేటప్పుడు అచ్చు భాగం అటువైపు నుంచి దూరి రావాలి, ఆ దారి కన్నంగా మిగిలిపోతుంది. మనకు మాత్రం రెండూ ఒకటే. కన్నం ఉందంటే దాని వెనక కొక్కెం ఉండే అవకాశం ఎక్కువ. టార్చి వేసి చూస్తే ముక్కు అంచు కనిపిస్తుంది కూడా.

బాడీ మొండికేసినప్పుడు లోపల దాన్ని పట్టుకున్నదేమిటో వేళ్లకే తెలుస్తుంది. సందులో గోళ్లు పెట్టి మెల్లగా తెరిచి చూడండి. కొక్కెం ఉన్నచోట ప్లాస్టిక్ స్ప్రింగులా ఊగుతుంది, సందు కొంచెం తెరుచుకుని వదలగానే మూసుకుంటుంది. స్క్రూ ఉన్నచోట ఆ ఊగడం ఉండదు. చుట్టూ సందు తెరుచుకుంటూ వచ్చి ఆ ఒక్క బిందువు దగ్గర తలుపు బందులా ఆగిపోతుంది. మిగతా బాడీ దాని చుట్టూ తిరగాలని చూస్తుంది. నేను స్క్రూడ్రైవర్ దూర్చిన రోజు సరిగ్గా అలాగే తిరిగింది, నాకే అర్థం కాలేదు. ఇంకో రకం కూడా ఉంది. కొన్ని బాడీలకు ఓ అంచున కొక్కేలకు బదులు పళ్లలాంటి నాలుకలుంటాయి. అవి ఎత్తితే రావు. బాడీని వెనక్కో ముందుకో వేలెడంత జరిపి, ఆ తర్వాత ఎత్తాలి. ఎదుటివైపు హాయిగా లేచి, ఈవైపు అంచు మొత్తం వరసగా పట్టేసి ఉంటే ఇదేనని అనుమానించండి. ఇక చివరిది, అన్నిటికన్నా ప్రమాదకరమైనది: బాడీ అంగుళమో రెండంగుళాలో చక్కగా లేచి, ఆ తర్వాత మెత్తగా, ఎవరో వెనక్కి లాగినట్టు ఆగుతుంది. అది కేబుల్. అక్కడ ఇంకొక్క పిసరు కూడా లాగొద్దు.

స్క్రూ అని తేలితే వెతకాల్సిన చోట్లు ఎక్కువేమీ లేవు. స్కానర్ మూత ఎత్తాక అంచుల్లో, ఇంక్ మార్చే తలుపు లోపల, వెనక మూత తీసిన సందులో, చిన్న ప్లాస్టిక్ బిళ్లల కింద, రబ్బరు కాళ్ల కింద, స్టిక్కర్ల కింద. స్టిక్కర్ మీద వేలితో రుద్దితే కింద గుంట ఉందో లేదో తెలిసిపోతుంది. నా అనుభవంలో జనం వదిలేసేది ప్యానెల్ కింది స్క్రూలనే. ప్యానెల్ తీయొచ్చని చాలామందికి తట్టదు.

కొక్కేలని తేలితే లోహపు పనిముట్టు పక్కన పెట్టేయండి. అది ప్లాస్టిక్ అంచును నలగ్గొడుతుంది, జారితే నేరుగా సర్క్యూట్ బోర్డు మీదకు పోతుంది. చెల్లుబాటు కాని పాత ప్లాస్టిక్ కార్డులు నాలుగైదు ఉంటే చాలు, గిటార్ మీటే ముక్కలున్నా సరే. మొదటి కొక్కెం ఊడగానే రెండోదాని దగ్గరికి పరుగెత్తితే మొదటిది మళ్లీ పడిపోతుంది, రోజంతా ఇదే ఆట. ఊడినచోట కార్డుని అలాగే వదిలేసి, ఇంకో కార్డుతో ముందుకు వెళ్లాలి. ఒక పక్క మొత్తం ఊడాక మిగిలిన పక్కలు సగం బలంతో వచ్చేస్తాయి. ప్లాస్టిక్ పాతబడినా, గది చల్లగా ఉన్నా కొక్కేలు పెళుసుగా ఉంటాయి. హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా అయ్యేదాకా కాస్త వేడి తగలనిస్తే వంగే గుణం కొంత తిరిగొస్తుంది. ఇంత చేసినా ఒకటో రెండో విరగొచ్చు. పది పన్నెండు ఉన్నచోట ఒకటి పోతే మునిగిపోయేదేమీ లేదు. విరిగిన ముక్కను లోపల పడిపోనివ్వకుండా చూసుకుంటే చాలు.

కేబుళ్ల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ తప్పు జరిగితే కొక్కెంలా సర్దుకుపోలేం. స్కానర్‌కీ ప్యానెల్‌కీ బోర్డుకీ మధ్య తెల్లటి బల్లపరుపు రిబ్బన్ కేబుల్ ఉంటుంది. రెండు కొసల్లో చిన్న గట్టి పట్టీ, ఎక్కువగా నీలం రంగులో ఉంటుంది. అది దూరే సాకెట్లు కొన్ని మామూలు రకం, కేబుల్‌ని నిటారుగా లాగితే వచ్చేస్తాయి. కొన్నిటికి సన్నని తాళం ఉంటుంది: గోరుతో పైకి లేపేదో, రెండు చివరలు పట్టి బయటకు జరిపేదో. తాళం తీయకుండా లాగితే కేబుల్ మీద రాగి గీతలు గీసుకుపోతాయి, లేదా సాకెట్టే బోర్డు నుంచి ఊడొస్తుంది. తీసేముందు ఫొటో తీసుకోండి. నీలం పట్టీ ఏవైపు ఉందో ఫొటోలో స్పష్టంగా కనిపించాలి. తిరగేసి పెడితే స్కానర్ పనిచేయదు, లేదా ప్యానెల్ మీద లైటే వెలగదు. బోర్డు ముట్టుకునే ముందు మెషిన్ లోహపు చట్రాన్ని ఓసారి తాకితే ఒంట్లోని స్టాటిక్ కరెంటు దిగిపోతుంది.

పై బాడీ వచ్చేశాక లోపల క్యారేజ్ వెనకాల పొడవునా ఒక పలచటి పారదర్శకమైన పట్టీ కనిపిస్తుంది. దుమ్ము పట్టిన సెల్లోఫేన్ ముక్కలా ఉంటుంది గానీ, కాదు. దగ్గరగా చూస్తే దానిమీద వెంట్రుకంత సన్నని నిలువు గీతలు వేల సంఖ్యలో ఉంటాయి. క్యారేజ్ వెనక ఉన్న సెన్సర్ ఆ గీతలు లెక్కపెట్టుకుంటూ తానెక్కడుందో తెలుసుకుంటుంది. గ్రీజు వేలు ఒక్కసారి తగిలినా ఆ మేర గీతలు మాసిపోయినట్టే. అప్పుడు క్యారేజ్ దారి తప్పి గోడకు ధడాల్న కొట్టుకుంటుంది, స్క్రీన్ మీద ఎర్రర్ వస్తుంది. బాడీ ఎత్తేటప్పుడు అంచు ఈ పట్టీకి తగిలి దాని కొక్కెం ఊడిపోవడం కూడా జరుగుతుంది. ఊడితే కంగారు లేదు, ఓ చివర స్ప్రింగుకు తగిలించాలి అంతే. కాకపోతే సెన్సర్ మధ్యలోని సన్నటి గాడిలోంచే వెళ్లేలా చూసుకోవాలి. క్యారేజ్ జారే కడ్డీ మీద జిగురుగా కనిపించేది మురికి కాదు, కావాలని పూసిన గ్రీజు. శుభ్రం చేస్తున్నాననుకుని తుడిచేయకండి.

మళ్లీ బిగించడం విప్పినంత కష్టం కాదు, కానీ ప్లాస్టిక్‌లో దూరే స్క్రూల దగ్గర ఒక కిటుకు ఉంది. వాటి మరలు వెడల్పుగా ఉంటాయి. మొదటిసారి బిగించినప్పుడే ప్లాస్టిక్‌లో తమ గాడి తామే కోసుకుంటాయి. తిరిగి పెట్టేటప్పుడు నేరుగా బిగిస్తే పాత గాడి పక్కనే కొత్త గాడి కోసేస్తాయి, రెండుమూడు సార్లకు రంధ్రం వదులైపోతుంది. స్క్రూని పెట్టి ముందు ఎదురువైపు, అంటే విప్పేవైపు మెల్లగా తిప్పండి. ఒకచోట ‘టిక్’ మని స్క్రూ కొంచెం కిందికి దిగుతుంది, పాత గాడి దొరికిందన్నమాట. అక్కడినుంచి బిగిస్తే వేళ్ల బలంతోనే తిరుగుతుంది. లోహపు చట్రంలోకి పోయేవాటి మరలు సన్నగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. ఈ రెండిటినీ కలిపేస్తే కష్టం కాబట్టి, నేను అట్టముక్క మీద ప్రింటర్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చి ఉంచుతాను.

అంతా మూసేశాక మెషిన్ ఆన్ చేస్తే ‘కవర్ తెరిచి ఉంది’ అని వస్తే గాభరా పడొద్దు. స్కానర్ యూనిట్ అడుగున వేలెడంత ప్లాస్టిక్ కాడ ఒకటి ఉంటుంది, మూత వేసినప్పుడు అది కిందున్న స్విచ్‌ని నొక్కాలి. బాడీ సగం మిల్లీమీటరో, ఒక మిల్లీమీటరో పైకి కూర్చున్నా అది అందదు. ఎక్కడో ఒక కొక్కెం పడలేదన్నమాట. అంచుల వెంట బొటనవేళ్లతో నొక్కుకుంటూ వెళ్తే ఆ క్లిక్ వినిపిస్తుంది. పేపర్ పెట్టకుండానే ‘పేపర్ ఇరుక్కుంది’ అంటుంటే, పేపర్ దారిలో ఉండే చిన్న నల్లటి మీట ఏదో బాడీ కింద నలిగి వంకరగా ఆగి ఉంటుంది.

విరిగిన కొక్కేన్ని అతికించాలనుకుంటే ఒక్కమాట. సూపర్ గ్లూ ఆరేటప్పుడు వచ్చే ఆవిరి చుట్టుపక్కల తెల్లటి పొరలా పట్టుకుంటుంది. స్కానర్ అద్దం మీదా ఆ గీతల పట్టీ మీదా అది పడితే పోగొట్టడం కష్టం. ముక్కను బయటే అతికించి, బాగా ఆరనిచ్చి తర్వాత బిగించాలి. నేను అతికించింది మూడోసారి నొక్కినప్పుడు మళ్లీ ఊడింది. ఆ మూల ఇప్పటికీ వెంట్రుకవాసి లేచే ఉంటుంది, స్కానర్ మూత వేసినప్పుడల్లా టక్కుమంటుంది. ప్రింట్లు మాత్రం బాగానే వస్తున్నాయి.